మోటార్‌హోమ్‌లో 25 రోజులు: బండి కదలని రోజులు ఎన్ని, ఎక్కడ?

మీరు అడిగింది ఇది. సెప్టెంబరులో లాస్ వేగస్‌లో 30 అడుగుల క్లాస్ సీ మోటార్‌హోమ్ (ట్రక్కు ముందుభాగానికి కట్టిన, లోపలే పడకలు, వంటగది, బాత్రూము ఉన్న బండి) అద్దెకు తీసుకుంటున్నారు. మీ దంపతులు, ఇద్దరు పిల్లలు, హైదరాబాద్ నుంచి వచ్చిన అమ్మగారు, నాన్నగారు, మొత్తం ఆరుగురు. జయాన్, బ్రైస్, పేజ్, గ్రాండ్ కాన్యన్, మోయాబ్, సాల్ట్ లేక్ సిటీ, గ్రాండ్ టీటన్, ఎల్లోస్టోన్ చూసి మళ్లీ వేగస్‌కి రావాలి. 24 రాత్రులకు 17 చోట్ల బస అనుకున్నారు. మధ్యలో విశ్రాంతి రోజులు పెడదామంటే, అంత అద్దె పోసి ఊరికే కూర్చోవడం దండగని నాన్నగారు అంటున్నారు.

విశ్రాంతి రోజులు కావాలి. మీ ప్రయాణానికి నాలుగు. అయితే ఎన్ని పెట్టాలన్నదానికంటే ఎక్కడ పెట్టాలన్నదే అసలు సంగతి. చాలామంది అందమైన చోట విశ్రాంతి పెట్టుకుంటారు, అక్కడే దెబ్బతింటారు. గ్రాండ్ కాన్యన్ అంచున బండి నిలిపి రోజంతా పడుకునే మనిషి ఉండడు. అది చూసే రోజు అయిపోతుంది, రాత్రికి ముందురోజు కంటే ఎక్కువ అలసట. విశ్రాంతికి కావలసింది ఎత్తు తక్కువ ఉన్న ఊరు, నీళ్లు, కరెంటు, డ్రెయిన్ మూడూ ఉన్న సైట్ (ఫుల్ హుక్‌అప్ అంటారు), బట్టలు ఉతికే మెషిన్లు, దగ్గర్లో సరుకుల కొట్టు. మీ దారిలో అలాంటివి పేజ్, మోయాబ్, సాల్ట్ లేక్, ఐడహో ఫాల్స్.

ముందు ఒక లెక్క సరిచేసుకోండి. ఒక రాత్రి ఆగడం విశ్రాంతి కాదు. క్యాంప్‌గ్రౌండ్‌లలో మామూలుగా మధ్యాహ్నం 1 నుంచి 3 మధ్య చెక్ ఇన్, పొద్దున 11 లేదా 12కి చెక్ అవుట్. మధ్యాహ్నం 3కి చేరితే బండిని సమంగా నిలపడం, కేబుల్, గొట్టాలు తగిలించడం, వంట, పిల్లల పరుపులు దింపడం. తెల్లారితే అదంతా తిరగేసి చేయడం. అందుకే విశ్రాంతి రోజంటే ఒకే చోట కనీసం రెండు రాత్రులు. అమెరికాలో సరుకు లారీలు నడిపేవాళ్లకు చట్టమే ఈ లెక్క కట్టింది. వరుసగా 10 గంటలు ఆగాక 11 గంటలకు మించి నడపకూడదు, 8 గంటలు నడిపాక అరగంట ఆగాలి. 8 రోజుల్లో 70 గంటల డ్యూటీ నిండితే బండి పక్కన పెట్టాలి. లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవ్వాలంటే వరుసగా 34 గంటలు పని ముట్టుకోకూడదు. రాత్రి 9కి ఆపి, మర్నాడంతా ఉండి, ఆ మర్నాడు పొద్దున 7కి తీస్తే సరిగ్గా 34 గంటలు. అంటే రెండు రాత్రులు, మధ్యలో ఒక పగలు. నాన్నగారికి ఈ లెక్క చెప్పి చూడండి. లైసెన్సు ఉన్న లారీ డ్రైవరుకే ఇంత విరామం తప్పనప్పుడు, వారానికోసారి కాస్ట్‌కోకి కారు నడిపేవాళ్లు అంత పెద్ద బండిని 2,200 మైళ్లు ఏకబిగిన నడపగలరా?

రోజుకు 300 మైళ్లు దాటకు, మధ్యాహ్నం 3కల్లా చేరు, చేరిన చోట 3 రాత్రులు ఉండు అని ఆర్‌వీలు (మోటార్‌హోమ్ లాంటి ఇంటి బండ్లు) నడిపేవాళ్లలో ఒక మాట ఉంది. అద్దె బండికి మూడోది ప్రతిచోటా కుదరదు కానీ, మొదటి రెండూ గట్టిగా పట్టుకోండి. ఫోన్ మ్యాప్ 5 గంటలంటే మీకు ఆరుంబావు. ఎత్తు ఎక్కేచోట వేగం పడిపోతుంది, ఇంధనానికి పెద్ద బండి దూరే బంకు వెతకాలి, పెద్దవాళ్లకు గంటన్నరకోసారి దిగి నడవాలి. పక్కగాలి వీచే ఎడారి రోడ్డు మీద స్టీరింగు పట్టుకుని ఉండటమే ఒక పని. ఆ అలసట ఆ సాయంత్రం తెలియదు, నాలుగో రోజు వెనక్కి తీసేటప్పుడు కొమ్మ తగిలాక తెలుస్తుంది.

ఇప్పుడు ఎత్తుల సంగతి. మీ దారి ఒక అలలా ఉంది. బ్రైస్ అంచు 8,000 అడుగుల పైన, పేజ్ 4,300. గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచు 7,000, మోయాబ్ 4,000, సాల్ట్ లేక్ 4,200. తర్వాత టీటన్‌లో కోల్టర్ బే 6,800, ఎల్లోస్టోన్‌లో ఫిషింగ్ బ్రిడ్జి 7,700 దాటుతుంది, ఐడహో ఫాల్స్ 4,700. హైదరాబాద్ దాదాపు 1,750 అడుగుల ఎత్తులో ఉంది. పైన రెండు రాత్రులు గడిపితే పెద్దవాళ్లకు నిద్ర తేలికగా పట్టదు, నాలుగడుగులకే ఆయాసం, తలనొప్పి, ఆకలి మందం. కిందికి దిగిన రాత్రి ఒళ్లు తెలియకుండా పడుకుంటారు. కాబట్టి పైన చూడండి, విశ్రాంతి కింద తీసుకోండి. విశ్రాంతి ఊళ్లు నాలుగూ కిందే ఉండటం మీ అదృష్టం. బీపీ, షుగర్ మందులు వేసుకునేవాళ్లయితే బయల్దేరే ముందే ఈ ఎత్తులు డాక్టరుకు చెప్పి అడగండి. ఇంకొకటి: బండిలో బాత్రూముకు లేవాలని మొహమాటపడి పెద్దవాళ్లు నీళ్లు తాగడం తగ్గిస్తారు. ఎడారి పొడిగాలిలో దాని ఫలితం రెండు రోజుల్లో కనిపిస్తుంది, కళ్లు తిరుగుతాయి. ఎవరి సీసా వాళ్లకిచ్చి, సాయంత్రం ఎంత మిగిలిందో చూడండి.

విశ్రాంతి రోజున పని ఉండదనుకుంటే పొరపాటు. ఆరుగురి ఐదు రోజుల బట్టలంటే మూడు మెషిన్లు, ఉతకడం, ఆరబెట్టడం కలిపి రెండు గంటలు. చాలాచోట్ల క్వార్టర్ నాణేలే పడతాయి, బ్యాంకులో 10 డాలర్ల రోల్ ఒకటి రెండు తెచ్చి పెట్టుకోండి. సరుకులు, ట్యాంకులు, ఊడ్చడం అన్నీ కలిస్తే పూట గడిచిపోతుంది. అందుకే పేజ్, మోయాబ్‌లలో మూడు రాత్రులు పెట్టమంటాను. ఒక పగలు పనులకూ ఊరు చూడటానికీ, ఇంకో పగలు దేనికీ కాదు. రెండే రాత్రులున్న చోట మధ్యాహ్నం 12 దాటాక ఏ పనీ మొదలుపెట్టకండి.

ఆ రోజు అందరికీ విశ్రాంతి అయితే వంట చేసే మనిషికి కూడా కావాలి. మన ఇళ్లలో జరిగేది వేరు. డ్రైవరు పడుకుంటాడు, పిల్లలు ఈతకు పోతారు, అమ్మగారు మాత్రం 'ఎలాగూ ఖాళీయే కదా' అని పొద్దుటి నుంచి పొయ్యి దగ్గరే ఉంటారు. మూడు రోజులకు సరిపడా పులిహోర పులుసు, కారప్పొడి, చపాతీలు పనుల రోజున చేసుకోండి. ఖాళీ రోజున పెరుగన్నమో పిజ్జానో చాలు.

వంట అన్నాక కరెంటు. క్లాస్ సీ బండ్లకు ఎక్కువగా 30 యాంపుల కనెక్షన్ ఉంటుంది. 120 వోల్టుల మీద 3,600 వాట్లు, అంతకు మించదు. పైకప్పు ఏసీ 13 యాంపుల దాకా, మైక్రోవేవ్ 12, వాటర్ హీటర్ కరెంటు మీద పెడితే ఇంకో 12. మూడూ కలిస్తే 37, బ్రేకర్ పడిపోతుంది. విశ్రాంతి రోజున అందరూ లోపలే ఉంటారు కాబట్టి మాటిమాటికీ పడేది ఆ రోజే. వాటర్ హీటర్‌నీ ఫ్రిజ్‌నీ గ్యాసుకు మార్చండి. ఇన్‌స్టంట్ పాట్, ఇండక్షన్ పొయ్యి లాంటివి బయట బల్ల మీద పెట్టి, సైట్‌లోని కరెంటు స్తంభానికి ఉండే 20 యాంపుల సాకెట్‌లో పెట్టండి. దానికి బ్రేకర్ వేరు, బండి మీద భారం పడదు. పోపు ఘాటు కూడా లోపలికి రాదు. లోపలే పోపు పెట్టాల్సి వస్తే పొయ్యి వెలిగించక ముందే పైకప్పు ఫ్యాను తిప్పండి, కిటికీ తెరవండి. పొగ అలారం మోగిందని దాని బ్యాటరీ పీకేసి మర్చిపోయేవాళ్లున్నారు, ఆ పని ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఇండియా నుంచి మిక్సీ తెస్తామంటే వద్దనండి, అది 230 వోల్టులది. అయితే బయటి వంట పేజ్, మోయాబ్‌లకే. టీటన్, ఎల్లోస్టోన్‌లలో ఎలుగుబంట్లు తిరుగుతాయి. తిండి, గిన్నెలు, కూలర్, చెత్త, ఏదీ బయట వదిలి లోపలికి పోకూడదు, పార్కు నిబంధన అది.

పైన పప్పు ఉడకడం లేదని కంగారు పడకండి. 7,000 అడుగుల దగ్గర నీళ్లు దాదాపు 93 డిగ్రీలకే మరుగుతాయి, మామూలు గిన్నెలో కందిపప్పు గంట పెట్టినా పలుకు మిగులుతుంది. కుక్కర్ తప్పనిసరి, ఇంట్లో పెట్టే కూతలకు రెండు కలపండి. గ్యాసు ఆదా కావాలంటే కింద ఉన్న రోజునే పప్పు ఉడకబెట్టి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. గ్యాసు మీద నడిచే ఆర్‌వీ ఫ్రిజ్ బండి వంగి నిలిస్తే సరిగ్గా పనిచేయదు, ఎక్కువసేపు అలాగే నడిస్తే దాని కూలింగ్ యూనిట్ పాడవుతుంది. సైట్ చేరగానే దిమ్మలు వేసి సమం చేయమనేది అందుకే. వేడి గిన్నెలు పెడితే తిరిగి చల్లబడటానికి గంటలు పడుతుంది. ఇన్సులిన్ ఉంటే తలుపు అరలో ఉంచండి, వెనక ఉన్న రేకులకు ఆనితే గడ్డకట్టి పనికిరాకుండా పోతుంది.

ట్యాంకుల దగ్గర విశ్రాంతి రోజున జరిగే తప్పు ఒకటే. డ్రెయిన్ గొట్టం తగిలించే ఉంది కదా అని బ్లాక్ ట్యాంక్ (టాయిలెట్ మురుగు చేరేది) వాల్వ్ తెరిచి వదిలేస్తారు. నీళ్లన్నీ పోయి గట్టిది అడుగున కుప్పగా ఎండిపోతుంది. ఆ తర్వాత ఎన్ని నీళ్లు పోసినా కదలదు, అద్దె సంస్థ బిల్లు వేస్తుంది. బ్లాక్ వాల్వ్ ఎప్పుడూ మూసే ఉండాలి. మూడింట రెండు వంతులు నిండాకే ఒక్కసారిగా తెరవాలి, అప్పుడే తోసుకుంటూ పోతుంది. ముందు బ్లాక్, దాని తర్వాత గ్రే (సింకు, షవర్ నీళ్లు చేరే ట్యాంకు). సబ్బు నీళ్లు గొట్టాన్ని కడుగుతాయి. ఖాళీ అయ్యాక రెండు గ్యాలన్ల నీళ్లు, ట్యాంకులో వేసే మందు బిళ్ల వేసి మూయండి. చేతి తొడుగులు మర్చిపోకండి.

మన అలవాట్ల వల్ల ఇక్కడ లెక్క మారుతుంది. 30 గ్యాలన్ల బ్లాక్ ట్యాంక్ అంటే 113 లీటర్లు. ఆరుగురు, మగ్గుతో నీళ్లు వాడేవాళ్లయితే ఫ్లష్‌తో కలిపి మనిషికి ఒక్కోసారికి రెండు లీటర్లు వేసుకోండి. రోజుకు 50, 60 లీటర్లు. రెండు రోజులకు నిండిపోతుంది. ప్యానెల్ లైట్లను నమ్మకండి, ట్యాంకు గోడకు కాగితం అతుక్కుంటే ఖాళీగా ఉన్నా నిండినట్టు చూపిస్తాయి. పగలు క్యాంప్‌గ్రౌండ్ బాత్రూములు వాడి, రాత్రికి మాత్రమే బండిది వాడితే మూడు రోజులు వస్తుంది. గ్రే ట్యాంక్ ఇంకా త్వరగా నిండుతుంది. షవర్ నిమిషానికి రెండు గ్యాలన్లు లాగుతుంది, ఇద్దరు పదేసి నిమిషాలు నిలబడితే 40 గ్యాలన్లు. ఫుల్ హుక్‌అప్ ఉన్న చోట గ్రే వాల్వ్ పగలు తెరిచి ఉంచినా ఫరవాలేదు కానీ, బయల్దేరే ముందు రాత్రి మూసేయండి. పొద్దున గొట్టం కడగడానికి ఆ నీళ్లు కావాలి. వేపుడు నూనె, గంజి సింకులో పోయకండి. చల్లటి రాత్రుల్లో పైపుల్లో పేరుకుని వాసన పట్టుకుంటుంది. నూనెను కాగితంతో తుడిచి చెత్తలో వేయండి.

మీకు వెనక కారు ఉండదు కాబట్టి విశ్రాంతి రోజున కొత్తిమీరకు వెళ్లాలన్నా ఇల్లంతా కదలాలి. అందుకే సైట్ ఎంచేటప్పుడు నడిచి వెళ్లే దూరంలో ఏముందో చూడండి. పేజ్ దగ్గర లేక్ పావెల్ ఒడ్డున వాహ్‌వీప్‌లో ఫుల్ హుక్‌అప్ సైట్లున్నాయి, పెద్దవాళ్లు నీళ్లు చూస్తూ కూర్చోవడానికి బాగుంటుంది. కానీ సరుకులు ఊళ్లోనే, వచ్చేటప్పుడే వాల్‌మార్ట్‌లో ఆగి తెచ్చుకోండి. మోయాబ్‌లో ఊళ్లోనే నడిచేంత దగ్గర్లో ఆర్‌వీ పార్కులున్నాయి. గ్రాండ్ కాన్యన్‌లో ట్రెయిలర్ విలేజ్ అనే ఆర్‌వీ పార్కుకి ఫుల్ హుక్‌అప్ ఉంది, ఉచిత షటిల్ బస్సు ఉంది, బండి ముట్టుకోకుండా రెండు రాత్రులు గడపవచ్చు. పక్కనే ఉన్న మాథర్ క్యాంప్‌గ్రౌండ్ చవక, కానీ హుక్‌అప్ లేదు. జెనరేటర్ వేసుకోవచ్చులే అనుకుంటారు. దానికి నిర్ణీత వేళలుంటాయి, అద్దె సంస్థ గంటకింత వసూలు చేస్తుంది, ఇంధనం ట్యాంకు పావుకు పడితే అది తనంతట ఆగిపోతుంది. విశ్రాంతికి జెనరేటర్ మోత పనికిరాదు.

వాల్‌మార్ట్ పార్కింగులో ఒక రాత్రి ఆగితే డబ్బు మిగులుతుంది నిజమే, స్టోర్ మేనేజరు ఒప్పుకుంటే. అది నిద్రకే. కుర్చీలు వేయడం, బండి పక్కకు తెరుచుకునే గుడ్డ పందిరి లాగడం, రెండో రాత్రి ఉండిపోవడం మర్యాద కాదు. ప్రభుత్వ బీఎల్ఎం (బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్) భూముల్లో మామూలుగా 28 రోజుల్లో 14 రోజుల దాకా ఉచితంగా ఉండనిస్తారు. ఆరుగురితో, 40 గ్యాలన్ల నీళ్లతో అది విశ్రాంతి కాదు, పరీక్ష.

ఇక మీ బుకింగుల్లో ఏం మార్చాలో చెబుతాను. మొదటి రాత్రి వేగస్‌లోనే ఉండండి. బండి చేతికొచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుంది, సరుకులు సర్దుకోవడం ఆ పూట పని. తర్వాత జయాన్ 2, బ్రైస్ 2, పేజ్ 3, గ్రాండ్ కాన్యన్ 2, మోయాబ్ 3, సాల్ట్ లేక్ 2, టీటన్ 1, ఎల్లోస్టోన్ 3, ఐడహో ఫాల్స్ 2, తిరిగి సాల్ట్ లేక్ 1, సెంట్ జార్జ్ 1, చివరి రాత్రి వేగస్. 24 సరిపోయాయి. పదిహేడు మజిలీలు పదమూడయ్యాయి, ఒక్క పార్కూ పోలేదు. టీటన్‌లో ఒక రాత్రి తగ్గించినందుకు బాధపడకండి. ఆ కొండలు రోడ్డు పొడుగునా కనిపిస్తూనే ఉంటాయి. ఐడహో ఫాల్స్‌లో చూడాల్సినవి పెద్దగా లేకపోవడమే దాని గొప్ప. స్నేక్ నది ఒడ్డున నడిచే బాట ఉంది, పెద్దవాళ్లకు అది చాలు. అక్కణ్నుంచి వేగస్ దాకా మూడు రోజుల డ్రైవింగు వరుసగా ఉంది కాబట్టి ఆ ఆగుడు మాత్రం తీసేయకండి.

జయాన్ నుంచి బ్రైస్‌కి మ్యాప్ చూపించే 85 మైళ్ల దారి సొరంగం గుండా పోతుంది. 2026 జూన్ నుంచి 11 అడుగుల 4 అంగుళాల ఎత్తు గానీ, 7 అడుగుల 10 అంగుళాల వెడల్పు గానీ దాటిన బండ్లను ఆ దారిలో అనుమతించడం లేదు. మీ క్లాస్ సీ దాటుతుంది. చుట్టు తిరిగి వెళ్లాలి, ఆ రోజుకు ఇంకే కార్యక్రమమూ పెట్టుకోకండి.

గ్రాండ్ కాన్యన్ నుంచి మోయాబ్ 320 మైళ్ల దాకా ఉంటుంది, మొత్తం ప్రయాణంలో కష్టమైన రోజు అదే. పైగా అరిజోనా వేసవి సమయం (డేలైట్ సేవింగ్) పాటించదు, యూటాలో అడుగుపెట్టగానే గడియారం గంట ముందుకు పోతుంది. పొద్దున 7కే బయల్దేరండి, ఆలస్యమైతే చేరేసరికి సాయంత్రమవుతుంది. ఇందువల్లే మోయాబ్‌లో మొదటి పగలు ఖాళీ రోజుగా పెట్టి, పక్కనే ఉన్న ఆర్చెస్ పార్కు రెండో రోజుకు ఉంచండి. పేజ్‌లో ఈ గంట తేడా ఇంకో రకంగా ఇబ్బంది పెడుతుంది. యూటా సరిహద్దు పక్కనే కావడంతో ఫోన్ ఒకసారి ఈ టవరు, ఒకసారి ఆ టవరు పట్టి సమయం మార్చేస్తుంటుంది. అలారానికీ చెక్ అవుట్‌కీ గోడ గడియారమో చేతి గడియారమో వాడండి. అరిజోనాలోనే ఉన్నా, నవాహో ఆదివాసుల ప్రాంతంలో మళ్లీ వేసవి సమయమే నడుస్తుంది.

మోయాబ్ నుంచి సాల్ట్ లేక్ వెళ్లే దారి స్పానిష్ ఫోర్క్ దగ్గర పెద్ద రోడ్డులో కలుస్తుంది. అక్కడ రాధాకృష్ణ ఆలయం ఉంది. సాల్ట్ లేక్ పక్కన సౌత్ జోర్డన్‌లో గణేశ ఆలయం ఉంది. అమ్మగారికి రెండు వారాల తర్వాత గుడి కనిపించడం పది గంటల నిద్రతో సమానం. ఇండియన్ సరుకులు, దోసెల పిండి కూడా సాల్ట్ లేక్‌లోనే నింపుకోండి, ఆపైన ఉత్తరాన దొరకడం కష్టం. ఫిషింగ్ బ్రిడ్జిలో ఫుల్ హుక్‌అప్ ఉంది కానీ సెప్టెంబరు రాత్రుళ్లు చలి గడ్డకట్టే దాకా పోవచ్చు. పడుకునే ముందు మంచినీళ్ల ట్యాంకు నింపుకుని గొట్టం ఊడదీయండి, లేకపోతే పొద్దున అందులో ఐసు ఉంటుంది. హీటర్ గ్యాసు చాలా తింటుంది. కరెంటుంది కాబట్టి 1,500 వాట్ల చిన్న హీటర్ కొని పెట్టుకుంటే గ్యాసు మిగులుతుంది. అది 12 యాంపులకు పైనే లాగుతుంది, దాంతోపాటు మైక్రోవేవ్ వేయకండి.

రెండు మూడు రాత్రులు ఒకే చోట ఉన్నాక బయల్దేరే పొద్దున్నే తప్పులు జరుగుతాయి, సామాను ఇంటిలా పరుచుకుని ఉంటుంది కాబట్టి. కరెంటు కేబుల్, నీళ్ల గొట్టం, డ్రెయిన్ గొట్టం, పైకప్పు కిటికీలు, మెట్టు, పందిరి, స్లైడ్ (ఆగినప్పుడు గోడతో సహా బయటికి జరిపే భాగం), ఫ్రిజ్ గొళ్లెం, చక్రాల కింద దిమ్మలు ఒక కాగితం మీద రాసి స్టీరింగుకు తగిలించండి. ఒకరు చదవాలి, ఇంకొకరు చేత్తో ముట్టుకుని చెప్పాలి. టైర్ల గాలి అప్పుడే, బండి కదలక ముందే చూడండి, డ్రైవరు తలుపు దగ్గరున్న స్టిక్కరు అంకెకు. వెనక జంట టైర్లలో లోపలిది చూడటం మానకండి. పందిరిని విశ్రాంతి రోజున కూడా మనిషి లేనప్పుడు తెరిచి వదలకండి. ఎడారిలో ఒక్క గాలి విసురు దాని ఊచలు వంచేస్తుంది, డిపాజిట్ అక్కడే పోతుంది.

గాలి హెచ్చరిక వచ్చిన రోజున ఎంత ముఖ్యమైన బుకింగ్ ఉన్నా బండి తీయకండి. పేజ్‌లోనూ మోయాబ్‌లోనూ మూడేసి రాత్రులు పెట్టమన్నదానికి ఇదీ ఒక కారణం. గాలి వల్ల అక్కడికి ఒక రోజు ఆలస్యంగా చేరినా పోయేది అక్కడి ఖాళీ రోజే, ముందున్న బుకింగులు కదలవు. వేగస్‌లో చివరి రాత్రి కూడా అలాంటిదే. బండి ఊడ్చి, ట్యాంకులు ఖాళీ చేసి, గ్యాసు, ఇంధనం ఒప్పందం ప్రకారం నింపి పొద్దున తిరిగి ఇవ్వడానికి మూడు గంటలు పడుతుంది. సెంట్ జార్జ్ నుంచి ఆ పొద్దున్నే 120 మైళ్లు వచ్చి ఇవన్నీ చేద్దామనుకోకండి. నెవాడాలో గంట వెనక్కి వస్తుంది కదా అనే ధీమా కూడా వద్దు.